పక్షవాతం వచ్చిన మనిషి ఇంటికి వచ్చాక: కాలూచెయ్యీ, మాటా, మతీ ఎలా చూసుకోవాలి

మా నాన్నగారు ఆసుపత్రి నుంచి చీపురుపల్లి దగ్గరి మా ఊరికి వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని కుడివైపున్న అన్నమూ పప్పూ తినేసి, "ఏటే, కూరెయ్యలేదేటి?" అని అమ్మను అడిగారు. బీరకాయ కూర కంచంలోనే ఎడమవైపున ఉంది. "ఎదురుగా పెట్టుకుని అడుగుతారేటి" అని అమ్మ విసుక్కుంది. నేను కంచాన్ని సగం చుట్టు తిప్పాను. కూర కుడివైపుకు వచ్చింది, ఆయన మారు మాట్లాడకుండా తినేశారు. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి, పంతమూ లేదు. మెదడు కుడిభాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు ఒకటి ఉందన్న స్పృహే తగ్గిపోతుందని, దానిని వైద్యులు నెగ్లెక్ట్ అంటారని మాకు మరో వారానికి గాని తెలియలేదు. డిశ్చార్జి కాగితంలో కాలూచెయ్యీ సంగతి ఉంది, బీపీ మాత్రల సంగతి ఉంది. ఇది మాత్రం లేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పక్షవాతం అనగానే అందరూ అడిగే ప్రశ్న "నడుస్తున్నాడా?" అన్నదే. నడక వచ్చిన మనిషి కూడా లెక్క చూసుకోలేక, వరసగా పని చేసుకోలేక, చెప్పింది గుర్తుంచుకోలేక ఇబ్బంది పడుతుంటే, దానిని బద్ధకమనో మొండితనమనో ఇంటివాళ్ళు అనుకుంటారు. అందుచేత ఈ వ్యాసంలో కాలూచేతుల గురించి చెప్పవలసినంత చెప్పి, మాట గురించీ మతి గురించీ ఎక్కువ చెబుతాను.

మొదటి గంటల్లో ఏం చేయాలి

మూతి ఒకవైపుకు లాగేసినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతున్నా, మాట ముద్దగానో తలాతోకా లేకుండానో వస్తున్నా, ఉన్నట్టుండి తూలిపోతున్నా, ఒక పక్క చూపు పోయినా, వెంటనే 108కి ఫోను చేసి, ఆ తర్వాత గడియారం చూడండి. మనిషి చివరిసారి మామూలుగా కనిపించింది ఎన్ని గంటలకో రాసిపెట్టుకోండి. నిద్రలో వచ్చినట్టయితే, బాగా ఉండి పడుకున్న వేళే లెక్కలోకి వస్తుంది. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షనును ఆ వేళ నుంచి నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేలిన తర్వాతే. పెద్ద రక్తనాళంలోని గడ్డను సన్నని గొట్టం పంపి బయటికి తీసే చికిత్సను ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాదాపు 100 కిలోమీటర్లు, విజయనగరం నుంచి దాదాపు 60. ఇచ్ఛాపురం వైపువారికి శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర. కాబట్టి బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఈ వారంలోనే కనుక్కుని పెట్టుకోండి.

ఆ సమయంలో నోట్లో ఏమీ వేయకండి, నీళ్ళు కూడా పట్టకండి. మింగడం దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వచ్చింది గడ్డో రక్తస్రావమో స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు కనుక ఆస్పిరిన్ వేయకూడదు. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టించడం కూడా ప్రమాదమే, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది. షుగరు మనిషైతే, ఇంట్లో మిషను ఉంటే, 108 వచ్చేలోగా షుగరు చూడండి, బాగా పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. ఇక పసరు పోయించడానికి జీపు కట్టుకుని పోయేవాళ్ళను నేనే చూశాను. గడ్డ కరగవలసిన గంటలన్నీ ఆ దారిలోనే కరిగిపోతాయి. లక్షణాలు పది నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే, అది రాబోయే పెద్ద దెబ్బకు ముందస్తు కబురు కావచ్చు.

డిశ్చార్జికి ముందు అడగవలసినవి

వచ్చింది గడ్డా, రక్తస్రావమా అని అడిగి తెలుసుకోండి, రక్తం పలచబరిచే మాత్రలు రెండింటికీ ఒకేలా ఇవ్వరు. మెదడులో ఏ వైపు దెబ్బ తగిలిందో అడగండి. ఎడమభాగమైతే సాధారణంగా కుడి కాలూచెయ్యితో పాటు మాట దెబ్బతింటుంది. కుడిభాగమైతే ఎడమవైపు స్పృహ, తన జబ్బు తనకు తెలియడం దెబ్బతినవచ్చు. మింగే పరీక్ష చేశారా, జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ పరీక్షించారా అని విడివిడిగా అడగండి. ఈ రెండో ప్రశ్నను మీరు అడగకపోతే చాలాచోట్ల ఎవరూ ఎత్తరు. ఇందుకు వాడే మోకా అనే చిన్న పరీక్షకు తెలుగు రూపం ఉంది.

మంచం, భుజం, చర్మం

నులక మంచం, నవారు మంచం పనికిరావు. నడుమ భాగం గుంటపడి, మనిషి పక్కకు తిరగలేడు, లేవలేడు, వీపు కింద ఒత్తిడి ఒకేచోట పడుతుంది. గట్టి చెక్క మంచం, దాని మీద మంచి పరుపు వేయండి, కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తు ఉండాలి. తనంతట తాను తిరగలేని మనిషిని రాత్రీపగలూ రెండేసి గంటలకోసారి పక్క మార్చాలి. మార్చినప్పుడల్లా మడమలు, తుంటి, నడుం కింద ఎముక దగ్గర చర్మం చూడండి. నొక్కినా తగ్గని ఎరుపు, నల్లటి మచ్చ కనిపిస్తే పుండు మొదలైనట్టే.

అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసుకునేది భుజాన్ని. పడిపోయిన చేతికి కండరాల పట్టు ఉండదు కనుక ఎముక సగం జారి వేలాడుతుంటుంది. పరామర్శకు వచ్చిన బంధువొకడు ఆ చెయ్యి పట్టుకుని "లే మావయ్యా" అని లాగితే చాలు, నెలల తరబడి పోని నొప్పి పట్టుకుంటుంది. ఆ చేతిని పట్టి ఎప్పుడూ లాగకండి, చంకలో చెయ్యి వేసి ఎత్తకండి. నడుముకు పంచె మడిచి కట్టి దానిని పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి ఒళ్ళో ఉన్న దిండు మీద ఉండాలి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగండి, విప్పేటప్పుడు దానికి ఆఖరున విప్పండి.

తినిపించడం

మింగే పరీక్ష చేయించేవరకు మనిషికి నోటితో ఏదీ పెట్టవద్దు. పరీక్షలో ఫర్వాలేదన్నాక కూడా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు, ఒకటి పూర్తిగా మింగాక ఇంకొకటి పెట్టండి. పలచని నీళ్ళు గొంతులో వేగంగా జారిపోతాయి కనుక మింగడం బలహీనంగా ఉన్నవారికి నీళ్ళ కంటే చిక్కటి పదార్థమే క్షేమంగా దిగవచ్చు. ఎంత చిక్కగా ఉండాలో పరీక్ష చేసినవారే చెబుతారు. మన చోడి (రాగి) అంబలిని వాళ్ళు చెప్పిన చిక్కదనానికి కాచుకోవడం సులువు. తిన్నాక దెబ్బతిన్న వైపు బుగ్గలో వేలు తిప్పి చూడండి, అన్నం అక్కడ దాక్కుంటుంది. మరో అరగంటైనా పడుకోబెట్టవద్దు. తింటున్నప్పుడు దగ్గు, తిన్నాక గొంతులో నీళ్ళు కదిలినట్టు తడి శబ్దం, మళ్ళీ మళ్ళీ జ్వరం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఉద్దానం వాళ్ళకు ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలిసిందే. పరామర్శకు వచ్చినవారు ప్రేమతో తెచ్చే కొబ్బరినీళ్ళలోనూ బత్తాయిల్లోనూ పొటాషియం ఉంటుంది, మూత్రపిండాలు పాడైనవారికి అది గుండెకే ప్రమాదం. భుజం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా వాళ్ళకు కీడే చేస్తాయి. మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో తెలియకుండా అవి వేయకండి.

కాలూచెయ్యీ

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. మెదడు దెబ్బతిన్న దారికి బదులు ఇంకో దారి వేసుకోవాలంటే చేసిన పనే వందలసార్లు చేయాలి, అదీ నిజంగా అవసరమయ్యే పని అయితే మరీ మంచిది. గాలిలో చెయ్యి ఊపడం కంటే గ్లాసు పట్టుకోవడం, తువ్వాలు మడవడం, చింతపిక్కలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం మంచి కసరత్తు. మా ఊళ్ళో ఒకావిడ పచ్చి జీడిపిక్కలు ఇచ్చింది. వాటి పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, స్పర్శ తెలియని వేళ్ళకు అది తెలియనే తెలియదు. అందుకే వేడినీళ్ళు కూడా ముందు బాగున్న చేత్తో చూసుకున్నాకే పోసుకోవాలి. కర్ర బాగున్న చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలి. గడప దగ్గరా మరుగుదొడ్డి దగ్గరా గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి.

మాట పోతే

మాట పోవడంలో రెండు తీరులున్నాయి. ఒకరికి మీరు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, బదులు మాత్రం పెగలదు, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు వస్తుంది. ఇంకొకరు గడగడా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు, మీ మాటా వారికి పూర్తిగా అందదు. మొదటివారి గురించి "ఆయన ముందు ఏదైనా మాట్లాడవచ్చు, ఆయనకేం తెలుస్తుందిలే" అనుకోవడం ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. ఆస్తి సంగతులు, ఆసుపత్రి ఖర్చు, "ఇక లేవడు" అన్న మాట, అన్నీ ఆయన వింటూనే ఉంటారు.

అవుననో కాదనో తల ఊపి చెప్పగలిగే ప్రశ్న వేయండి. "కాఫీ కావాలా, టీ కావాలా, పాలు కావాలా" అని గుక్కతిప్పుకోకుండా అడగవద్దు, కాఫీ డబ్బా చూపించి అడగండి. బదులు కోసం మనసులో పది లెక్కపెట్టుకోండి. మాట వాళ్ళ నోట్లోంచి మీరే లాక్కుని పూర్తిచేయకండి. గట్టిగా అరవడం వల్ల లాభం లేదు, పోయింది చెవి కాదు. ఒకటి రెండు మూడు అని వరసగా లెక్కపెట్టడం, వారాల పేర్లు, ఏళ్ళ తరబడి పాడిన భజన, ఇవి మామూలు మాట రానివారికి కూడా వస్తుంటాయి. వాటితోనే మొదలుపెట్టండి. తిట్లు కూడా అలాగే చక్కగా వస్తాయి, బాధపడవద్దు, మాట దారి పూర్తిగా మూసుకుపోలేదని తెలుసుకోండి.

మా మేనత్త సోంపేట దగ్గర ఉంటుంది. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. ఆవిడకు కుడిపక్షం పడిపోయాక మొదట వచ్చిన నాలుగు మాటలూ ఒడియావే. ఇంట్లోవాళ్ళు మతి చలించిందని భయపడ్డారు. రెండు భాషలవారికి ఒకటి ముందూ ఒకటి వెనకా రావడం ఉన్నదే, ఏ భాషలో వస్తే ఆ భాషలోనే జవాబివ్వండి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క భాషే తెలిసినవారిలో 19.6 శాతం మందికి పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిస్తే, ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో 40.5 శాతం మందికి నిలిచింది. మాట పోవడంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు.

మతి: ఇంట్లో కనిపెట్టడం, సాయం చేయడం

ఇది ఒక్క జ్ఞాపకశక్తి సంగతి కాదు. దృష్టి నిలపడం, పని వరస పెట్టుకోవడం, తన పరిస్థితి తనకు తెలియడం, ఎడమవైపు స్పృహ, ఇవన్నీ వేరువేరుగా దెబ్బతింటాయి. కనిపెట్టడానికి మంచి చోటు వంటగది. నడవగలిగి, చేతులు ఆడుతున్నవారిని మీ ఎదుటే టీ పెట్టమనండి, మీరు నోరు మెదపకండి. నీళ్ళు పోసి పొయ్యి వెలిగించడం మరిచారా, పంచదార రెండుసార్లు వేశారా, గ్యాసు కట్టకుండా వచ్చేశారా చూడండి. వరస తప్పితే తిట్టకండి, ఆ వరసను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. చదువు రానివారికి వస్తువులనే వరసగా పేర్చి పెట్టండి. ఒంటరిగా పొయ్యి దగ్గరకు పంపడం మాత్రం ఆపండి.

దృష్టి నిలవని మనిషితో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి, ఒక్కరే మాట్లాడండి. పరామర్శకు ఒకేసారి పదిమంది మంచం చుట్టూ మూగితే, వాళ్ళు వెళ్ళాక రోగి చిరాకుపడి అలిసి సోలిపోతాడు. ఇద్దరిద్దరిని, పావుగంట చొప్పున, పొద్దున్నే రానివ్వండి. పక్షవాతం తర్వాత వచ్చే అలసట కునుకు తీస్తే పోయే అలసట కాదు. స్నానం, కసరత్తు, లెక్కలు, అన్నీ ఒకే పూట పెట్టకండి, మధ్యమధ్య విశ్రాంతి ఉండాలి.

జ్ఞాపకం కోసం పెద్ద అంకెల క్యాలెండరు, గోడ గడియారం, వారం రోజుల మాత్రల డబ్బా కళ్ళకెదురుగా ఉంచండి. వస్తువు ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. "నిన్న ఏం తిన్నావు చెప్పు" అని నలుగురి ముందు పరీక్ష పెట్టకండి, అది అవమానించడమే. "నిన్న మీ తమ్ముడు వచ్చాడు, చేపలు తెచ్చాడు" అని మీరే అందించి, మిగిలింది వాళ్ళను చెప్పనివ్వండి.

ఎడమవైపు మరిచే మనిషికి మేము చేసింది చెబుతాను. మొదటి రెండు వారాలు కంచం తిప్పి పెట్టాం. తర్వాత తిప్పడం మానేసి, కంచం ఎడమ అంచుకు ఎర్ర రిబ్బను కట్టి, "రిబ్బను కనిపించేదాకా తల తిప్పు నాన్నా" అని ప్రతి ముద్దకూ చెప్పాం. పేపరులో ప్రతి వార్తకూ ఎడమ అంచున ఎర్ర స్కెచ్‌తో గీత గీసి, ప్రతి వరసకూ ముందు ఆ గీత పట్టుకుని అక్కడ నుంచి చదవమన్నాం. మొదట్లో ఆయన వరసల సగం నుంచి చదివి, పేపరువాళ్ళకు తెలుగు రాదని కోప్పడేవారు. గీత అలవాటయ్యాక ఆ ఫిర్యాదు తగ్గింది. మంచినీళ్ళు, ఫోను, పిలిచే గంట ఆయనకు తెలిసే కుడివైపునే ఉంచాం, కబుర్లకు మాత్రం ఎడమవైపు కూర్చునేవాళ్ళం. ఇలాంటి మనిషిని డాక్టరు చూసి ఒప్పుకునేవరకు బండి నడపనివ్వకండి. రోడ్డులో సగం ఆయనకు లేనట్టే.

తన కాలు పడిపోయిందనే ఒప్పుకోని రోగులుంటారు. వాదించి గెలవలేరు, అర్ధరాత్రి తానే లేచి పడిపోకుండా మంచం పక్కన మనిషి పడుకోవాలి. బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయంగా మారితే దానిని పక్షవాతం ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షను, రక్తంలో సోడియం తగ్గడం, మళ్ళీ స్ట్రోకు, ఏదైనా కావచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకొక సంగతి కటువుగానే చెబుతాను. తొలి నెలల్లో ఈ మనిషి చేత భూమి కాగితాల మీద సంతకాలూ వేలిముద్రలూ పెట్టించకండి, పెట్టించేవాళ్ళకు అడ్డుపడండి. ఫోనులో ఓటీపీ అడిగేవాడికి కూడా ఇలాంటి మనిషి సులువుగా దొరుకుతాడు, కాబట్టి బ్యాంకు యాప్‌ను కొన్నాళ్ళు ఇంట్లో నమ్మకమైనవారి ఫోనులో ఉంచండి.

ఏడుపు, నిరాశ

దుఃఖం లేకుండానే ఏడుపు, సందర్భం లేకుండానే నవ్వు ఆపుకోలేనంతగా రావడం మెదడు దెబ్బ వల్ల జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఓదార్చడం మొదలుపెడితే ఎక్కువవుతుంది, మాట మార్చితే తగ్గుతుంది. నిరాశ వేరు. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో సుమారు ఒకరికి అది పట్టుకుంటుంది. రెండు వారాలకు మించి తిండి, నిద్ర, కసరత్తు మీద ఆసక్తి పోతే, "నన్నెందుకు బతికించారు" అంటుంటే, డాక్టరుకు చెప్పండి, దానికి మందులున్నాయి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

మళ్ళీ రాకుండా

మనిషి నడవగానే మాత్రలు మానేయడం మన దగ్గర మామూలు. బీపీని చాలామందిలో 130/80 లోపు ఉంచాలని చూస్తారు. ఊళ్ళో ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) దగ్గర వారానికోసారి చూపించి పుస్తకంలో రాయించండి. ఎండుచేప, ఆవకాయ, అప్పడం మూడూ ఉప్పే, రోజంతటికీ అన్నిటిలో కలిపి ఉప్పు ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు మించకూడదు. చుట్ట, ముఖ్యంగా మన ఆడవాళ్ళు తీసే అడ్డపొగ, పూర్తిగా మానిపించాలి. నిప్పు నోటి లోపల ఉన్నంత మాత్రాన పొగ తక్కువేమీ పోదు.

కాగితాలూ, చూసుకునేవాళ్ళూ

ఆసుపత్రిలో ఉండగానే, ఈ చికిత్స రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో అడగండి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. దానికి వైద్యబోర్డు ఇచ్చే సదరం అనే వైకల్య ధ్రువపత్రం కావాలి కనుక, సచివాలయంలో అడిగి శిబిరానికి స్లాటు బుక్ చేయించుకోండి. అక్కడ కాలూచెయ్యే చూసి పంపిస్తే సరిపెట్టుకోకుండా మాట, మతి సంగతి కూడా మీరే చెప్పండి.

మన జిల్లాల్లో కొడుకులు హైదరాబాదులోనో చెన్నైలోనో వలస ఉంటారు, రాత్రి రెండేసి గంటలకోసారి లేచి పక్క మార్చేది భార్యో కోడలో. వాళ్ళకు ముందు నడుం నొప్పి, ఆ తర్వాత విసుగు వస్తాయి. మా అమ్మ విసుగు సంగతి మొదట్లో చెప్పాను, అప్పటికి ఆవిడ పదకొండు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. దూరంలో ఉన్న కొడుకులూ కూతుళ్ళూ రోజూ ఫోనులో "ఎలా ఉన్నాడు" అని అడగడం కంటే, వంతులు వేసుకుని నెలకు ఒకరు వారం రోజులు వచ్చి, రాత్రిళ్ళు తాము మంచం పక్కన పడుకుని, ఆవిడను వేరే గదిలో తలుపు వేసుకుని నిద్రపోనివ్వాలి. వచ్చిన మొదటి పగలు పక్క మార్చడం, తినిపించడం, భుజం పట్టు ఆవిడ దగ్గరే నేర్చుకోండి, రాత్రి నుంచి ఆవిడను లేపవద్దు.